పెద్దవాళ్లు సొంతింట్లోనే ఉంటామంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకు 79 ఏళ్లు. తెనాలిలో, నాన్న కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. నాన్న పోయాక ఆవిణ్ని నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. నాలుగు నెలలుండి, కనకాంబరాలు ఎండిపోతున్నాయని వంక పెట్టి వెళ్లిపోయింది. అప్పటినుంచి మేం తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్నవే ఇవన్నీ. తెలిసినవాళ్లు ఫోన్ చేసి మళ్లీ మళ్లీ ఇవే అడుగుతుంటే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, లాయర్ని అంతకన్నా కాను.

ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని ఒంటరిగా ఉంచడం తప్పు కాదా?

ఆ మనిషికి ఇష్టం లేకుండా ఉంచితే తప్పే. తనే ఉంటానంటే మాత్రం, ఏ పని తను చేసుకోగలదో, దేనికి సాయం కావాలో ముందు చూడాలి. నేను వయసు లెక్కపెట్టను, ఐదు పనులు చూస్తాను: స్నానం, బట్టలు కట్టుకోవడం, బాత్రూంకి వెళ్లి రావడం, మంచం మీంచి లేచి కుర్చీదాకా నడవడం, కంచంలో పెట్టింది కలుపుకుని తినడం. ఇవి సొంతంగా జరిగిపోతుంటే కూరగాయలు, కరెంటు బిల్లు, బ్యాంకు పనులు ఇంకొకరు చేసిపెట్టినా ఇల్లు నడుస్తుంది. వీటిలో రెండు తప్పాయంటే రోజూ పక్కన మనిషి ఉండాల్సిందే.

కాళ్లలో బలం ఎంత ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ఫిజియోథెరపిస్టులు చేసే పరీక్షే ఇది. చేసేటప్పుడు పక్కన ఒకరు నిలబడండి.

మనం ప్రేమకొద్దీ చేసే పొరపాటు ఒకటుంది. హైదరాబాద్‌లో ఉన్న నాలుగు నెలలూ అమ్మ చేత కాఫీ కూడా కలపనివ్వలేదు మేం. మూడో నెలకి కుర్చీలోంచి లేవడానికి చెయ్యి అందించమని అడగడం మొదలుపెట్టింది. తెనాలి వెళ్లిన పదిహేను రోజులకి మళ్లీ తనే లేచి తిరుగుతోంది. అప్పటినుంచి, ఎంత ఆలస్యమైనా సరే, తను చేయగలిగిన పనిలో మేం చెయ్యి పెట్టం.

ఇంట్లో ముందుగా ఏం మార్చాలి?

బాత్రూం. మిగతా ఇల్లు తర్వాత చూసుకోవచ్చు.

తడి టైల్స్, సబ్బు నీళ్లు, మసక బల్బు, గడప. పడిపోవడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. మేం చేయించింది ఇదీ: గరుకుగా ఉండే టైల్స్ వేయించాం. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి స్టీలు రాడ్లు బిగించాం. టవల్ వేసుకునే రాడ్ ఈ పనికి పనికిరాదు, మనిషి బరువు పడితే స్క్రూలతో సహా ఊడొస్తుంది. గోడ బోలుగా లేని చోట, లోపలిదాకా దిగే బోల్టులతో వేయించాలి. ప్లంబర్ వెళ్లిపోకముందే మీరు వేలాడి చూడండి. మొహమాటపడొద్దు, నేను చూశాను, ఒకటి కదిలింది.

స్నానానికి ప్లాస్టిక్ స్టూల్ వద్దు, రబ్బరు అడుగులున్న బరువైన కుర్చీ కావాలి. కమోడ్ మరీ కిందికి ఉంటే పైన ఎత్తు సీటు దొరుకుతుంది. లోపలి గడియ తీయించేసి, బయటి నుంచి కూడా తెరవగలిగే తాళం పెట్టించాం. అమ్మకి ఇది అసలు నచ్చలేదు. గడియ లేకపోతే ఎలా అని వారం రోజులు మాట్లాడలేదు. చివరికి తనే తలుపు హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కట్టుకుంది. రిబ్బన్ బయట ఉంటే లోపల మనిషి ఉన్నట్టు.

తర్వాతి పని రాత్రి వెలుతురు. మంచం నుంచి బాత్రూం దాకా రెండు చిన్న లైట్లు ప్లగ్గుల్లో పెట్టి వదిలేయండి. నడిచే దారిలో పట్టాలు, పరిచిన పాత చీరలు, టేబుల్ ఫ్యాన్ వైరు ఉండకూడదు. వంటింట్లో రోజూ వాడే డబ్బాలు నడుముకి, భుజానికి మధ్య ఎత్తులో ఉంటే పీటెక్కే పని ఉండదు. గ్యాస్ స్టవ్ నాబ్ మీద, ఆపినప్పుడు గీత ఎటు ఉండాలో అక్కడ ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను. ఖర్చు సున్నా, పనిచేసింది మాత్రం అన్నిటికన్నా ఎక్కువ.

ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోతే?

వెంటనే లేవబోవద్దని ముందే చెప్పి ఉంచండి. రెండు నిమిషాలు అలాగే ఉండి, ఎక్కడ నొప్పో చూసుకోవాలి. తుంటి దగ్గర నొప్పిగా ఉన్నా, కాలు లేపలేకపోయినా, తలకి దెబ్బ తగిలినా కదలకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి తలకి చిన్న దెబ్బ తగిలినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఏమీ కాలేదనిపిస్తే పక్కకి ఒత్తిగిలి, మోచేతులూ మోకాళ్ల మీద పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికి చేరి, దాన్ని పట్టుకుని ఒక పాదం ముందుకు వేసి లేవాలి. ఇది ఒకసారి మంచం మీద చేయించి చూపించండి. అమ్మ నవ్వింది, కానీ చేసింది.

ఫోన్ బల్ల మీద ఉంటే ఏం లాభం? మెడలో వేలాడే సంచీలోనో, నడుముకి కట్టుకునే చిన్న సంచీలోనో ఉండాలి. బాత్రూంలోకి కూడా అది వెళ్లాలి.

కర్ర పట్టుకోమంటే ముసలిదాన్ని చేస్తున్నారంటుంది. ఏం చేయాలి?

మేమూ ఓడిపోయాం. తమ్ముడు అమెరికా నుంచి నాలుగు కాళ్ల స్టిక్ తెస్తే అది పెరట్లో చిక్కుడుపాదుకి ఊతమైంది. చివరికి గుడి దగ్గర కుక్కలు ఎక్కువయ్యాయి కదా, వాటి కోసం పట్టుకెళ్లమన్నాను. ఇప్పుడు కర్ర లేనిదే గేటు దాటదు.

కర్ర ఎత్తు మాత్రం సరిచూడండి. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. ఏ కాలు నొప్పో దానికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకునేవాళ్లే ఎక్కువ.

మందుల గందరగోళం ఎలా తగ్గించాలి?

ఒకసారి అమ్మ పొద్దున్నే లేస్తే కళ్లు తిరుగుతున్నాయంది. వేసవి కదా అనుకున్నాం. సెలవుకి వెళ్లి మందుల డబ్బా బోర్లించి చూస్తే, రెండు పేర్లతో రెండు షీట్లు, రెండిట్లోనూ ఉన్నది బీపీకి వాడే టెల్మిసార్టానే. గుండె డాక్టర్ ఒక కంపెనీది రాశారు, షుగర్ డాక్టర్ ఇంకో కంపెనీది రాశారు. రెండూ శ్రద్ధగా వేసుకుంటోంది.

కాబట్టి షీటు మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. వేసుకునేవన్నీ ఒకే కాగితం మీద రాసి, ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా అదే ముందు చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు కూడా అందులో ఉండాలి, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. నిద్రమాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మాత్రలు లేవగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. అలాంటివి వాడేవాళ్లు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవాలి. ఏదైనా ఆపాలంటే డాక్టర్ని అడిగే ఆపండి.

వారానికి సరిపడా గదులున్న మాత్రల డబ్బా మందుల షాపుల్లోనే దొరుకుతుంది. ఆదివారం వీడియో కాల్‌లో తమ్ముడూ అమ్మా కలిసి నింపుతారు. మాత్రలు నింపడం మాట అటుంచి, ఆ అరగంట కబుర్లే అమ్మకి అసలు మందు.

తిండి విషయంలో?

ఒక్కరికోసం వండుకోవడం విసుగు. అందుకే మజ్జిగన్నం, ఆవకాయతో పూట గడిపేస్తారు. మాంసకృత్తులు తగ్గి కండ కరిగిపోతుంది, ఊరగాయ ఉప్పు బీపీకి చేటు. పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు రోజూ ఏదో రూపంలో పడాలి. పళ్లు లేకపోతే పెసరట్టు, మెత్తటి పప్పు, రాగి జావలో పాలు. మధ్యాహ్నం క్యారేజీ పెట్టించుకుంటే తప్పేమీ లేదు. అమ్మ మాత్రం కూర తనే వండుకుంటానని, అన్నం కుక్కర్ మాత్రమే పనిమనిషికి వదిలింది. అదీ ఒక ఒప్పందమే.

మర్చిపోవడం వయసు వల్లా, జబ్బా?

కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం మనకీ ఉంది. కళ్లజోడు దేనికో తెలియకపోతే, రోజూ వెళ్లే గుడినుంచి ఇంటిదారి తప్పితే, అరవై ఏళ్లుగా పెట్టే పులుసులో వరస తప్పితే, అడిగిందే పది నిమిషాల్లో నాలుగుసార్లు అడుగుతుంటే డాక్టర్‌కి చూపించాలి. అన్నీ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్, బీ12 లోపం, డిప్రెషన్, వినికిడి తగ్గడం కూడా ఇలాగే కనిపిస్తాయి, వీటికి వైద్యం ఉంది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మాట తడబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోతే అది ఎమర్జెన్సీ. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, పక్షవాతం, ఏదైనా కావచ్చు.

పనిమనిషిని, అటెండెంట్‌ని పెట్టుకునేటప్పుడు?

ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి. జీతం బ్యాంకు ఖాతాకే వేయండి. వచ్చిన మనిషి ఏ పని చేయాలో, ఏ పని చేయకూడదో కాగితం మీద రాసుకోండి. చేయకూడని పనుల్లో మొదటిది ఏటీఎం కార్డు పట్టుకెళ్లడం. ఎవరిని పెట్టుకోవాలన్న నిర్ణయం అక్కడ ఉండే మనిషిదే. మేం ఒక ఏజెన్సీ నుంచి మాకు నచ్చిన మనిషిని పంపితే, అమ్మని “బామ్మా, అన్నం తినేద్దామా” అని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడిందట. మూడో రోజు అమ్మే పంపించేసింది. ఇప్పుడున్నావిడ “అమ్మగారూ, కూరలో ఉప్పేస్తున్నా” అని చెప్పి మరీ వేస్తుంది.

ప్రభుత్వ పింఛన్ ఎంత, ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద అర్హులైన 60 ఏళ్లు దాటినవాళ్లకి 2024 జులై నుంచి నెలకి రూ. 4,000. గ్రామ, వార్డు సచివాలయం సిబ్బంది ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెల కలిపి ఇస్తారు. పింఛన్ తీసుకునే భర్త చనిపోతే భార్యకి మారుతుంది, సచివాలయంలో వెంటనే చెప్పాలి. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛన్‌ని 2019లో రూ. 2,016 చేశారు, తర్వాత అర్హత వయసు 57కి తగ్గించారు.

రిటైరైనవాళ్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడటం లేదు. ఎలా?

గిన్నెలు తోమిన చేతులకి గీతలు అరిగిపోవడం మామూలే. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతుంది. జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే రెండు యాప్‌లు ఫోన్‌లో వేసుకుంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది. వెలుతురు ఎదురుగా పడాలి, వెనక కిటికీ ఉండకూడదు, రెప్ప కొట్టమన్నప్పుడు కొట్టాలి. చేతకాకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు, పోస్టల్ పేమెంట్స్ బ్యాంక్ దీనికి రూ. 70 తీసుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లకి గడువు నవంబర్, 80 దాటినవాళ్లు అక్టోబర్ ఒకటి నుంచే ఇవ్వొచ్చు. రాష్ట్ర పింఛనుదార్ల గడువు వేరు, ట్రెజరీలో కనుక్కోండి.

ఆస్పత్రి ఖర్చుకి?

70 నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబర్ 29న మొదలైంది. పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఇన్‌పేషెంట్ వైద్యానికి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ఆధార్ ఒక్కటే చాలు. ఓపీ ఫీజు, నెలనెలా మందులు ఇందులోకి రావు. జబ్బు పడకముందే కార్డు తీసి పెట్టుకోండి, ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం నేను చేశాను, అది వద్దు.

బ్యాంకు పనులు, ఫోన్ మోసాలు?

70 దాటినవాళ్లకి ఇంటి దగ్గరే నగదు, చెక్‌బుక్ లాంటి ప్రాథమిక సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకి చెప్పింది. మీ బ్రాంచిలో అడగండి, అడిగితే తప్ప చెప్పరు. ఖాతాలన్నీ ఒకటి రెండు బ్యాంకులకి తగ్గించి, ప్రతి ఎఫ్‌డీకి నామినీ పేరు ఉందో లేదో చూడండి.

డబ్బు మొత్తం కొడుకు ఖాతాలోకి మార్చేసి, నెలకింత పంపడం మంచి పద్ధతి అని చాలామంది అనుకుంటారు. నాకు నచ్చదు. మనవరాలికి వెయ్యి రూపాయలిచ్చేందుకు అడుక్కోవాల్సి రాకూడదు.

ఇక ఫోన్లు. పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియో కాల్ చేసి “డిజిటల్ అరెస్ట్” అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. అమ్మకి నేను చెప్పింది ఒకటే: “మా అబ్బాయితో మాట్లాడాక చేస్తాను” అని పెట్టెయ్. ఎవరికీ చెప్పొద్దని వాళ్లు అన్నారంటేనే మోసం. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పిల్లలు ఇల్లు రాసిమ్మంటున్నారు. రాసివ్వొచ్చా?

నన్నడిగితే బతికుండగా వద్దు. వీలునామా రాయండి. దానికి స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసి మీరు సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే చెల్లుతుంది. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్లని సాక్షిగా పెట్టకండి. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు కానీ చేయిస్తే తర్వాత గొడవలు తక్కువ. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు. గిఫ్ట్ డీడ్, అంటే ఆస్తిని దానంగా రాసిచ్చే పత్రం, అలా కాదు, రిజిస్టరైన రోజే ఇల్లు వాళ్లది.

తప్పనిసరై గిఫ్ట్ డీడ్ రాస్తే, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు మీదేననీ, తిండి, బట్ట, వైద్యం చూడాలనీ అందులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే, ఆ బదిలీ చెల్లదని ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా చదవాలనీ, ఇల్లు ఖాళీ చేయించి అప్పగించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందనీ తేల్చింది. డాక్యుమెంట్ రైటర్ “అదంతా ఎందుకమ్మా, కన్నకొడుకే కదా” అన్నా ఆ రెండు వాక్యాలు రాయించకుండా సంతకం పెట్టొద్దు.

పిల్లలు అసలు చూడటం లేదు. ఎవరికి చెప్పాలి?

అదే చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు, లాయర్ని పెట్టుకోవాల్సిన పని లేదు. కొడుకు, కూతురు, మేజరైన మనవలు కూడా బాధ్యులే. పిల్లల్లేకపోతే ఆస్తి ఎవరికి వస్తుందో ఆ బంధువులు చూడాలి. నెలకి రూ. 10,000 దాకా ఇవ్వమని ఆదేశించవచ్చు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. పై అప్పీలు కలెక్టర్‌కి.

అర్జీ దాకా వెళ్లకముందు 14567కి ఫోన్ చేయండి. ఎల్డర్‌లైన్ అంటారు, ఉచితం, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెలుగులోనే మాట్లాడతారు. హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతటికీ వెళ్లింది. సలహా ఇస్తారు, అవసరమైతే మనిషిని పంపిస్తారు. పరువు పోతుందని ఫోన్ చేయనివాళ్లే ఎక్కువ. కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా మాత్రం 112.

మేం విదేశంలో ఉన్నాం. ఇక్కడినుంచి ఏం చేయగలం?

కెమెరాలు పెట్టకముందు అడగండి. తమ్ముడు హాల్లో పెట్టించాడు. అమ్మ రెండో రోజే దాని మీద తువ్వాలు కప్పింది. దానికి బదులు పాలబ్బాయితో మాట్లాడాం. పొద్దున ఏడింటికి పాలగిన్నె గుమ్మంలో లేకపోతే బెల్ కొడతాడు, తీయకపోతే నాకు ఫోన్ చేస్తాడు. ఎదురింటి పిన్నిగారి దగ్గర తాళంచెవి ఉంది. రెండిటికీ కలిపి మాకైన ఖర్చు సంక్రాంతికి ఒక చీర, ఒక జత బట్టలు. డాలస్‌లో చూసిన అలారం వాచీ కంటే ఇది నమ్మకంగా పనిచేస్తోంది.

ఆస్పత్రిలో సంతకం పెట్టగల బంధువు ఒకరు ఊళ్లో ఎవరో ముందే మాట్లాడుకోండి. అర్ధరాత్రి ఆ పేరు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

బస్సు, రైలు రాయితీలు?

ఏపీఎస్ ఆర్టీసీలో 60 దాటినవాళ్లకి 25 శాతం తగ్గింపు ఉంది. ఆడవాళ్లకి రెండు రాష్ట్రాల్లోనూ నిర్ణయించిన బస్సుల్లో ఉచితమే. రైల్లో ఛార్జీ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది.

వీధిలోవాళ్లం ఏం చేయొచ్చు?

కేరళలో మంచానపడ్డవాళ్లని చూడటానికి ఊరివాళ్లే వలంటీర్లుగా వెళ్తారు, 2008లోనే అక్కడి ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కి (నయంకాని జబ్బులున్నవాళ్ల బాధ తగ్గించే సేవకి) విధానం తెచ్చింది. మనకి అంత ఏర్పాటు లేదు. కానీ అరుగులున్నాయి, ఉన్నచోట. తెనాలిలో మా వీధిలో సాయంత్రం ఐదింటికి నలుగురు పెద్దవాళ్లు మా వసారాలో చేరతారు. ఎవరు రాకపోయినా మిగతా ముగ్గురిలో ఒకరు వెళ్లి తలుపు తడతారు. మీరు చేయగలిగింది ఆ వసారాకి రెండు చేతులున్న కుర్చీలు ఇవ్వడం, వీధి లైటు పోతే మున్సిపాలిటీకి ఫోన్ చేయడం. షాపుకెళ్తూ “ఏమైనా కావాలా” అని కాదు, “వస్తారా, మెల్లగా నడుద్దాం” అని అడగండి.

ఇవన్నీ చేసినా ఇక ఒంటరిగా కుదరదని ఎప్పుడు అనుకోవాలి?

నెలలో రెండుసార్లు పడితే, స్టవ్ మీద గిన్నె మాడి పొగ కమ్మితే, బరువు ఉన్నట్టుండి తగ్గితే, రాత్రిళ్లు భయమేస్తోందని తనే అంటే. అప్పుడు కూడా ఉన్న దారులు రెండే కాదు. రాత్రికి మాత్రం మనిషిని పెట్టొచ్చు, కింద వాటాలో నమ్మకమైన కుటుంబానికి అద్దెకిచ్చి తోడు చేసుకోవచ్చు, చెల్లెల్ని తెచ్చుకుని కలిసుండొచ్చు. వృద్ధాశ్రమమో, సీనియర్ హోమో అయితే సంతకం పెట్టకముందు వారం రోజులు ఉండి చూడనివ్వమని అడగండి. భోజనాల వేళ చెప్పకుండా వెళ్లండి.

ఈ మాట అమ్మతో నేను కిందటి దసరాకి ఎత్తాను. సరేనంది. ఏ గుర్తు కనబడితే వచ్చేయాలో తనే ఒక కాగితం మీద రాసి, పంచాంగంలో పెట్టింది. మొదటిది: “మొక్కలకి నీళ్లు పోయలేకపోయినప్పుడు.” మొన్న వెళ్లి చూస్తే పెరట్లో బకెట్ లేదు, పైపు కొనిపించుకుంది.